నలభై మగ్గాల వాళ్ళ అమ్మాయి

నా మాటల్లో కొసరు ఉంటుంది. ఆ సంగతి ముందే చెప్పేస్తే తర్వాత మీకూ నాకూ మొహమాటం ఉండదు. మాది గుడ్డల వ్యాపారం. మీటరు కొలిచి కత్తెర పెట్టేముందు నాలుగు వేళ్ళు అవతలికి జరపడం మా ఇంట్లో పుట్టినవాడికి ఎవరూ నేర్పక్కర్లేదు. ఆ చేతివాటం నాకు నోటికి కూడా వచ్చింది. నలుగురొస్తే నలభైమందంటాను. చినుకు పడితే కృష్ణ పొంగిందంటాను. మా ఆవిడైతే నేను చెప్పింది విని, పదితో భాగించి, వచ్చినదాంట్లో సగం నమ్ముతుంది. మీరూ అలాగే చదువుకోండి. మా అమ్మాయి బడి సీటు విషయం మాత్రం భాగించకండి. అది నిజంగానే పోబోయింది.

మా అమ్మాయి అయిదో తరగతి దాకా మంగళగిరిలో మా వీధి చివరి బడిలోనే చదివింది. చిన్న బడి. పిల్ల గేటు దాటగానే "మీ నాయనమ్మకి దగ్గు తగ్గిందా" అని అడిగే పంతులమ్మలుండేవారు. ఇంతలో చుట్టుపక్కల నేలంతా రాజధాని పుణ్యమా అని బంగారమైపోయింది. బడి నడిపే ఆయన ఆఖరి రోజున ప్రోగ్రెస్ కార్డుతోపాటు ఒక చీటీ కూడా ఇచ్చి పంపాడు. స్థలం అమ్మేశాం, వచ్చే ఏడాది బడి ఉండదు, పిల్లల్ని వేరేచోట చేర్చుకోవలసిందని. వారం తిరక్కుండానే పిల్లలు కబడ్డీ ఆడే చోట సరిహద్దు రాళ్ళు పాతేశారు.

లెక్కల పంతులమ్మ మా ఆవిడని పక్కకి పిలిచి, "ఈ పిల్లని ఎక్కడపడితే అక్కడ వెయ్యకండి" అంది. ఆవిడ చెప్పక్కర్లేదు కూడా. మా అమ్మాయి ఏడేళ్ళప్పుడే మగ్గం పక్కన నిలబడి, "నాన్నా, ఈ పడుగు ఇంకా పదకొండు రోజులొస్తుంది" అనేది. పదకొండో రోజు సాయంత్రానికి దారం అయిపోయేది. ఇది కొసరు కాదు. 

మేం చూసిన మొదటి బడి ఆరో తరగతి నుంచే ఐఐటీ అంది. గోడ నిండా ర్యాంకులొచ్చిన పిల్లల ఫోటోలు. మా అమ్మాయి వాటిని ఈ చివర నుంచి ఆ చివరికి చూసి, "వీళ్ళల్లో ఒక్కళ్ళూ నవ్వట్లేదు నాన్నా" అంది. బయటికొచ్చేశాం.

రెండోది నచ్చింది. విజయవాడలో, నది దాటి వెళ్ళాలి. ఆడుకోవడానికి చోటుంది, చెట్లున్నాయి, పుస్తకాల గది ఉంది, మంగళగిరి దాకా బస్సుంది. ఫీజు చూశాక మా ఇద్దరికీ దాహమేసింది. అయితే సంపాదన తక్కువున్న ఇళ్ళ పిల్లలకి ఆ బడి ట్రస్టువాళ్ళు ఏటా కొన్ని సీట్లకి ఫీజులో కన్సెషన్ ఇస్తారు. నేత పని ఇళ్ళకి ముందు చూస్తారని కూడా విన్నాం. మా ఆశంతా ఆ మాట మీదే.

ఫారాలిచ్చే రోజు తెల్లవారకముందే స్కూటర్ మీద బయల్దేరాను. అప్పటికే వరస బడి గేటు దగ్గర మొదలై, గవర్నర్‌పేట టీకొట్ల మధ్య మెలికలు తిరిగి, వన్ టౌన్ గోడౌన్ల వెంట సాగి, బ్యారేజీ ఎక్కి, నది దాటి, సీతానగరం దగ్గర దిగి ఉంది. నాకు దొరికిన చోటు బడి కన్నా మా ఇంటికే దగ్గర. స్కూటర్ తీసి ఉండక్కర్లేదు. 

ఆ తర్వాతి వారం పిల్లకి పరీక్ష, మాకు ఇంటర్వ్యూ. అది ఇరవై నిమిషాల్లో రాసేసి బయట ఉయ్యాలెక్కింది. మేం ప్రిన్సిపాల్ మేడమ్ గదిలో కూర్చున్నాం. ఏసీకి నా మీసం మీద మంచు పట్టింది. ఆవిడకీ మాకూ మధ్య బల్ల ఎంత పొడుగంటే ఇటునుంచి అటు వెళ్ళడానికి ఆటో మాట్లాడుకోవాలి. 

"మీరేం చేస్తుంటారండీ?" అని అడిగింది ఆవిడ, పెన్ను తీసి. 

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. మా నాన్న కాలంలో మా చేతికింద నలభై మగ్గాలు ఆడేవి. మగ్గాలు నేతగాళ్ళ ఇళ్ళల్లో ఉండేవి. నూలు మాది, కూలి మాది, దిగిన చీర మాది. ఊళ్ళో మా ఇంటిపేరు వాళ్ళు వీధికి పదిమంది ఉంటారు కాబట్టి, గుర్తు కోసం మమ్మల్ని 'నలభై మగ్గాల వాళ్ళు' అనేవారు. తర్వాత మరమగ్గం గుడ్డ దెబ్బకి కొన్ని పోయాయి. నేతగాళ్ళు అపార్టుమెంట్లకి వాచ్‌మన్లుగా పోవడంతో ఇంకొన్ని పోయాయి. మా నాన్నా పోయాడు. పేరు మిగిలింది. ఇవ్వాళ్టికీ గ్యాస్ బండ తెచ్చే ఆయన "నలభై మగ్గాలోళ్ళ ఇల్లేదండీ" అనే అడుగుతాడు. మా ఇంట్లో ఉన్నవి రెండు మగ్గాలు. ఒకదాని మీద నేనూ మా ఆవిడా వంతులేసుకుని నేస్తాం. నేసింది నేనే స్కూటర్ మీద వన్ టౌన్ కొట్లకి వేసుకొస్తాను. రెండోదానికి పడుగెక్కించి రెండేళ్ళయింది. దానిమీద ఉతికిన బట్టలారేసుకుంటున్నాం.

ఇదంతా మేడమ్‌తో చెప్పొచ్చు. చెప్పడానికి నోరు తెరిచాను కూడా. నోట్లోంచి వచ్చింది మాత్రం వేరు.

"మాది చేనేతండీ. మంగళగిరిలో దిగి నలభై మగ్గాల వాళ్ళంటే ఎవరైనా చూపిస్తారు."

"నలభైయా? వెరీ గుడ్," అంది ఆవిడ.

ఆ వెరీ గుడ్‌తో నేను ఇంకో మెట్టెక్కాను. "మా చీర కట్టని కలెక్టరమ్మ లేదండీ ఈ రెండు జిల్లాల్లో," అన్నాను. బల్లకింద మా ఆవిడ నా కాలు తొక్కింది. మగ్గం తొక్కే కాలు మరి. బొటనవేలు వారంపాటు నీలంగానే ఉంది.

తిరిగొచ్చేటప్పుడు వారధి మీద మా ఆవిడ స్కూటర్ వెనక నుంచి అందుకుంది.

"పెళ్ళిచూపుల్లోనూ ఇదే మాట చెప్పారు. మా నాన్న నమ్మాడు. వచ్చి చూస్తే మూడున్నాయి."

"మూడున్నాయిగా. అసలు లేకుండా చెప్పానా?"

"మా నాన్న విని ఊరుకున్నాడు. ఈవిడ రాసుకుంది."

మధ్యలో కూర్చున్న మా అమ్మాయి నది వైపు చూస్తోంది. 

వారం తర్వాత ఫలితాలు గోడకి అంటించారు. పరీక్షలో దానికి మంచి మార్కులే వచ్చాయి. సీటు మాత్రం వెయిటింగ్ లిస్టు, పదిహేడు. బెజవాడ స్టేషన్ పక్కన బతికేవాళ్ళకి వెయిటింగ్ లిస్టంటే భయం లేదు. ఎక్కేస్తే ఏలూరు లోపల టీసీ ఎక్కడో ఒకచోట సర్దుతాడు. బడికి టీసీ లేడు. ప్రతి సోమవారం వెళ్ళి ఆ గోడ ముందు నిలబడేవాణ్ణి. పదిహేడు పదహారయింది. మూడు వారాలు పదహారు దగ్గరే పాతుకుపోయింది. ఆ తర్వాత సోమవారం పద్దెనిమిదైంది. ఇదేమిటండీ వెనక్కి నడుస్తోందని అడిగితే, అన్నో అక్కో ఇక్కడ చదివే పిల్లలకి ముందివ్వాలన్నారు. మా అమ్మాయికి అన్నని ఇప్పటికిప్పుడు ఎక్కణ్ణుంచి తెస్తాను?

ఈలోగా వీధిలో మిగతా పిల్లలంతా ఎక్కడో ఒకచోట చేరిపోయారు. ఒకళ్ళది నీలం గౌను, ఒకళ్ళది ఎర్ర గళ్ళు. కొత్త బట్టలు వేసుకుని ఒకళ్ళింటికి ఒకళ్ళు వెళ్ళి చూపించుకున్నారు. మా గుమ్మంలోకొచ్చి "నీదే బడే?" అని అడిగితే, మా అమ్మాయి "చూస్తున్నారు" అనేది. మా కొట్ల భాషలో ఆ మాటకి అర్థం దానికి తెలుసు. చీరలన్నీ దింపించి "చూస్తామండీ" అని లేచిన మనిషి మళ్ళీ రాడు. కొన్నాళ్ళకి అది బయటికి రావడం మానేసింది. పాత నోటుపుస్తకాల్లో మిగిలిన తెల్లకాగితాలు చింపి, సూదీ దారంతో కుట్టి, అట్ట వేసి, పైన 'ఆరో తరగతి' అని రాసుకుంది. బడి పేరు రాయాల్సిన చోట ఖాళీ వదిలింది. అది చూసిన రోజు మా ఆవిడ అన్నం తినలేదు. నేను తిన్నాను గానీ ఏం తిన్నానో తెలీదు.

బడులు తెరిచిన రెండో వారంలో ఫోనొచ్చింది. ఎవరో వేరే ఊరికి బదిలీ అయ్యారట, వాళ్ళ వెనకే ఇంకొంతమంది కదిలారట. సీటుంది, పదిరోజుల్లో ఫీజు కట్టాలన్నారు. నేను స్కూటర్ని వారధి మీద గాల్లో తోలుకుంటూ వెళ్ళి ఆఫీసు గదిలో వాలాను. 

"ఫీజు రశీదు రాయమంటారాండీ?" అన్నాడు అక్కడి గుమస్తా. 

"కన్సెషన్ పోను ఎంతో చెప్పండి."

"మీకు కన్సెషన్ పెట్టలేదండీ."

"ఎందుకని? ఆదాయం సర్టిఫికెట్టు కూడా జతచేశానే."

ఆయన ఫైలు తిప్పి నాకేసి పెట్టాడు. "ఇక్కడ చూడండి. ఫార్టీ లూమ్స్. మేడమ్ గారి చేతిరాత. కాగితం ఒకటంటోంది, మీ నోరు ఒకటన్నది. నలభై మగ్గాలున్నాయన కన్సెషన్ అడగడమేంటండీ, మీరే మాకు ఒక గది కట్టించాలి."

"అది మా ఇంటిపేరు లాంటిదండీ."

"ఇంటిపేరు పైగడిలో ఉంది కదండీ."

"అది అసలు ఇంటిపేరు. ఇది ఊళ్ళో పిలిచే పేరు."

"మరి ఈ ఆదాయం ఊళ్ళో చెప్పుకునేదా, అసలుదా?"

నవ్వుతూ అన్నాడేమోనని చూశాను. నవ్వట్లేదు. నలభై మగ్గాలు లేవని ఎక్కణ్ణుంచైనా ఒక కాగితం తెమ్మన్నాడు.

మగ్గాల లెక్క చూసే ఆఫీసొకటి ఉంది, అక్కడికి వెళ్ళాను. మూడు రోజులు వెళ్ళాను. మొదటి రోజు సారు లేరు. రెండో రోజు సారున్నారు, సీలు లేదు. మూడో రోజు సారూ సీలూ రెండూ ఉన్నాయి. నేను చెప్పిందంతా ఆయన ఓపిగ్గా విన్నాడు. 

"ఉన్న మగ్గాలకి కార్డిస్తామండీ. లేని మగ్గాలకి లేవని ఎలా రాసిస్తాం?" అన్నాడు.

"రెండున్నాయి, మిగతా ముప్ఫై ఎనిమిదీ లేవు అని రాయండి సార్."

"ఏ ముప్ఫై ఎనిమిది? వాటి నంబర్లు చెప్పండి."

ఇంటికొచ్చి ఇదంతా చెప్పి, నవ్వుతారేమోనని చూశాను. మా ఆవిడ నవ్వలేదు. "ఇంకా ఆరు రోజులుంది," అంది. 

మర్నాడు ఇద్దరం కలిసి బడికి వెళ్ళాం. ఈసారి మా ఆవిడే మాట్లాడింది, నన్ను గుమ్మం బయట నిలబెట్టి. చివరికి ట్రస్టు తరఫున ఒక పెద్దాయన ఇంటికొచ్చి కళ్ళతో చూసి రాస్తారని, ఆయన రాసిందే ఖాయమని తేలింది.

ఆయన వచ్చే రోజు పొద్దున్నే నేను పనిలో పడ్డాను. టీవీ మీద దుప్పటి కప్పాను. ఫ్రిజ్‌ని వంటింటి వెనకకి ఈడ్చాను. కొత్త ఫ్యాను విప్పడానికి స్టూలెక్కాను. మా ఆవిడ కింద నిలబడి చూస్తోంది. 

"దిగండి. ఉన్న లేమి చాలదా, దానికి మళ్ళీ అలంకారం కూడానా?"

మా అమ్మాయి గడప మీద కూర్చుని ఉంది. "నాన్నా," అంది, "మనం ఉన్నోళ్ళమా, లేనోళ్ళమా? ఆయన నన్నడిగితే ఏం చెప్పాలి? ముందే చెప్పు, తేడా రాకూడదు కదా." 

నేను స్టూలు దిగాను. "రెండు మగ్గాలోళ్ళం," అంది మా ఆవిడ. "ఎవరడిగినా అదే చెప్పు."

పది గంటలకి పెద్దాయనొచ్చాడు. నెరిసిన మనిషి, చంకలో ఫైలు, చెప్పులు గుమ్మం బయటే విడిచి లోపలికొచ్చాడు. మంచినీళ్ళు తాగాడు. మగ్గం గుంటలోకి వంగి చూశాడు. రెండోదాని మీద ఆరేసిన తువ్వాళ్ళు చూశాడు. మా అమ్మ ఒక మూల రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టుకుంటోంది. ఆయన కుర్చీ ఆవిడ వైపు జరుపుకుని, "మొత్తం ఎన్ని మగ్గాలమ్మా మీకు?" అని అడిగాడు.

"నలభై నాయనా," అంది మా అమ్మ. చేతిలో రాట్నం ఆపలేదు. "కోటీరు సందులో పన్నెండు. చెరువుకట్ట కింద తొమ్మిది. పాత బస్టాండు వెనక ఎనిమిది. మిగతావి రత్నాల చెరువు వైపు. మా ఆయన సైకిలు మీద పొద్దున బయల్దేరితే అన్నీ చూసొచ్చేసరికి మధ్యాహ్నమయ్యేది."

పెద్దాయన పెన్ను తీశాడు. మా ఆవిడ మొహం నేసిన గుడ్డలా తెల్లబడింది. అప్పుడు నేను ముందుకొచ్చాను. 

"అమ్మా, అవి లేవు," అన్నాను. "రెండేనండీ. అందులో ఒకదానికి పడుగు లేదు."

రాట్నం ఆగింది. మా అమ్మ నాకేసి చూడలేదు. కండెలన్నీ గంపలోకి ఎత్తుకుని, మోకాళ్ళ మీద చేతులానించి లేచి, లోపలి గదిలోకి వెళ్ళిపోయింది. పరాయి మనిషి ముందు మొగుడి పేరు తుడిచేసిన కొడుకుని ఇంకేమంటుంది? పెద్దాయన ఒక్క ముక్క రాసి ఫైలు మూశాడు. 

ఇంకా రెండు రోజులు గడువుందనగా కబురొచ్చింది. ఫీజులో సగం కన్సెషన్ ఇచ్చారు. మిగతా సగం మూడు వాయిదాల్లో కట్టమన్నారు. మా అమ్మాయి కుట్టుకున్న పుస్తకాల మీద బడి పేరు రాసుకుంది. ఇప్పుడు పొద్దున ఆరూముప్పావుకి మా వీధి చివర, సరిహద్దు రాళ్ళ పక్కన బస్సెక్కుతుంది. మిగతా పిల్లలు రెండు వారాల ముందే చేరడంతో దానికి కిటికీ పక్క సీటు దొరకలేదు. అలవాటైపోతుందంటోంది. మూడో వాయిదా ఎలా కడతామో నాకింకా తెలీదు. వచ్చే ఏడాది మళ్ళీ కన్సెషన్ ఇస్తారో లేదో, మళ్ళీ ఇల్లు చూడ్డానికి వస్తారో, అదీ తెలీదు.

ఇక నా కల్పన సంగతి. సీతానగరం దాకా వరస, మీసం మీద మంచు, ఆటో మాట్లాడుకునే బల్ల, ఇవన్నీ కొసరు. వాటిని మీరెప్పుడో భాగించేసి ఉంటారు. గుమస్తా అన్నది, ఆఫీసులో నంబర్లడిగింది మాత్రం జరిగినవే.

కల్పించింది మా అమ్మ మాటలు. 

ఆ రోజు మా అమ్మ నోరు విప్పలేదు. కండెలు చుట్టుకుంటూనే ఉంది. పెద్దాయన ఆవిణ్ణి ఏమీ అడగలేదు. నన్నడిగాడు. అడిగేముందు ఒక మాటన్నాడు. "మా పెళ్ళికి చీరలు మీ నాన్నగారి దగ్గరే తీసుకున్నామండీ. నలభై మగ్గాలాయన అనేవారు, పెద్దమనిషి." నాలుగు రోజులుగా రెండు, రెండు అని నాకు నేను అప్పజెప్పుకుంటూనే ఉన్నాను. ఆ మాట చెవినపడేసరికి నా వెన్ను దానంతటదే నిటారయింది. "అవునండీ, నలభైయే," అన్నాను. కోటీరు సందులో పన్నెండు, చెరువుకట్ట కింద తొమ్మిది, ఆ లెక్కంతా చెప్పింది నేనే. 

"రెండేనండీ. అందులో ఒకదానికి పడుగు లేదు," అన్నది మా అమ్మాయి. గడప మీద నుంచి లేచి వచ్చి, నా పక్కన నిలబడి, ఆయనతో చెప్పింది. నా వైపు చూడలేదు. ఆయన నన్ను మళ్ళీ అడగనుకూడా లేదు. దాని మాటే రాసుకున్నాడు. లేచి లోపలి గదిలోకి వెళ్ళిపోయింది మా అమ్మ కాదు, నేను.

ఇది రాసేటప్పుడు మా అమ్మాయి మాట నా నోట్లో పెట్టుకున్నాను. నా మాటని మా అమ్మ నోట్లో పెట్టాను. మా అమ్మకి అక్షరం రాదు కాబట్టి ఇది ఆవిడ కంటపడదు. అమ్మాయి మాత్రం చదువుతుంది.